రెండు సెట్ల మధ్య

పద్దెనిమిదేళ్లు నేనొక వంతెనని.
ఉరిసే కప్పు కింద కంట్రోల్ రూమ్‌లో
ఎడమ చెవికి పోలీసు సెట్టు,
కుడి చెవికి ఫైరు వాళ్లది.
పోర్టుది కిటికీ పక్కన, గుడ్డ కప్పుకుని.
అంబులెన్సుకి ఫోనే, అదీ కలిస్తే.
కోస్ట్ గార్డు ఏ తరంగం మీద మాట్లాడతారో
వాళ్లు చెప్పలేదు, మేమూ అడగలేదు.
ఎవరికి వారే యమునా తీరే అంటారు,
మాది సముద్ర తీరం, అంతే తేడా.

గాజువాక అవతల ట్యాంకరు తిరగబడిన రాత్రి
ఇటు దాలినాయుడి ఫైరింజను,
అటు మెర్సీ రత్నం అంబులెన్సు,
మధ్యన అరకిలోమీటరు పొగ.
"గాలి అటు తిరిగింది, ఆ రోడ్డున రావద్దను"
అన్నాడు దాలినాయుడు నా కుడి చెవిలో.
నేను ఎస్సైకి చెప్పాను,
ఎస్సై కానిస్టేబుల్‌కి చెప్పాడు,
కానిస్టేబుల్ పరిగెత్తాడు.
ఆ రాత్రి మాట కాళ్ల మీద వెళ్లింది,
చెప్పు తెగి.
చలికాలం వస్తే మెర్సీ ఇప్పటికీ దగ్గుతుంది.

ఆ మర్నాడు రెండు సెట్లనీ ఎదురెదురుగా పెట్టి
ఒకదాని నోటికి రెండోదాని చెవి ఆనించి
మీటలు రెండూ ఒక్కసారే నొక్కి చూశాను.
కీచుమని అరిచాయి,
ఒకే వంటింట్లో మాటల్లేని తోటికోడళ్లలా.

తుపాను ఏడాది సంగతి వేరు.
సెల్ టవర్లు వంగి పడుకున్నాయి.
యారాడ కొండ మీది మా రిపీటరు ఒక్కటే
బ్యాటరీ ఆఖరి బొట్టు దాకా మాట్లాడి
మధ్యాహ్నం మూడింటికి వాక్యం మధ్యలో ఆగిపోయింది.
"పెదజాలరిపేటలో ఇంకా" అని.

ఇంకా మనుషులున్నారనా.
ఇంకా ఎవరూ రాలేదనా.
ఆ ఒక్క మాట ఒళ్లో పెట్టుకుని
ఎనిమిది గంటలు కూర్చున్నాను.
రాత్రి పదకొండింటికి నిలువునా తడిసి వచ్చాడు
మైలపిల్లి ఎల్లాజీ.
"ఇంకా కిరసనాయిలుంది మాకాడ,
పక్క పేటోళ్లకియ్యండని సెప్పినామమ్మా,
ఇనబడనేదేటి?"

ఇప్పుడు భాస్కరాచారి కొత్త సెట్టు తెచ్చాడు.
వాళ్ల తాత బంగారం అతికేవాడట,
వీడు గొంతులు అతుకుతున్నాడు.
కైలాసగిరి మీద ఒకటి, సింహాచలం కొండ మీద ఒకటి,
యారాడ మీద పాతదాని చోట మరొకటి.
కొండలు ఒప్పుకున్నాయి వెంటనే,
మనుషులకే ఏడాదిన్నర పట్టింది.
ఎవరి గొంతుకి ముందు దారి,
కరెంటు బిల్లు ఎవరిది,
పెద్దాయన మాట్లాడుతుంటే చిన్నవాడు అడ్డు రావచ్చా.
పోలీసు కోడు ఫైరుకి తెలీదు,
ఫైరు కోడు పోర్టుకి తెలీదు,
కాబట్టి అందరం మామూలు తెలుగే మాట్లాడాలని
తీర్మానం చేశారు.
దానికే మూడు మీటింగులు, నాలుగు పళ్లాల పకోడీ.

మొదటి రోజు పరీక్ష.
ఒక్కొక్కరే పలకాలి, వినబడితే ఊ అనాలి.
ఫైరు ఊ అంది. పోర్టు ఊ అంది.
మెర్సీ దగ్గి, ఊ అంది.
పడవ మీంచి ఎల్లాజీ
"ఫిషింగ్ హార్బరులో వంజరం ఎంత పలికిందండీ?" అన్నాడు.
నాలుగు శాఖలు ఒకేసారి తిట్టాయి.
అప్పుడు నమ్మాను, ఇది పనిచేస్తోందని.

నిన్న రాత్రి రుషికొండ ఎదురుగా
ఇంజను చచ్చిన పడవ, ఏడుగురు మనుషులు.
ఎల్లాజీ దారి చెప్పాడు, కోస్ట్ గార్డు విన్నాడు.
మెర్సీ ఎక్కడ ఆగాలో దాలినాయుడు చెప్పాడు,
ఎదురుగా నిలబడి చెప్పినట్టు.
నన్నెవరూ పిలవలేదు.
ఇన్నేళ్లలో మొదటిసారి
టీ వేడిగా ఉండగానే తాగాను.

"గాలి ఇటు కొడుతోంది, కాస్త ఉత్తరంగా రా"
అంటున్నాడు దాలినాయుడు.
పాత సెట్టు మీద చెయ్యి వేసి,
మీట నొక్కకుండానే,
గాలి ఇటు కొడుతోంది, కాస్త ఉత్తరంగా రా
అన్నాను నేను కూడా,
ఖాళీ గదిలో,
చిన్నగా.